గచ్చు విన్న పాట

గవ్వలదీవిలో జాతీయగీతం పాడి ముగించాక అందరూ సముద్రం వైపు తిరిగి ఉమ్ముతారు.

బళ్ళో, కోర్టులో, పెళ్ళి పందిట్లో, ఎక్కడైనా సరే ఇదే పద్ధతి. కుడికాలితో నేలని తన్నుతూ మూడు చరణాలు పాడాలి. మూడో చరణం వేగం పెంచి పాడాలి. అయ్యాక సముద్రం ఏ దిక్కున దగ్గరైతే ఆ దిక్కుకి తిరిగి తూ అనాలి. బయటి దేశాల రాయబారులు మొదటిసారి చూసి జేబురుమాళ్ళు తీస్తారు. దీవివాళ్ళకి అందులో వింతేమీ కనిపించదు. ఆ ఉమ్ము ఎవరి మీదో ఒకటో తరగతిలోనే నేర్పుతారు.

ఎనభై ఒక్క ఏళ్ళ కిందట దీవి చెరకు దొరల చేతిలో ఉండేది. కళింగ తీరం నుంచి ఓడల్లో తెచ్చిన కూలీలు ఒక ఎండాకాలం సమ్మె కట్టారు. సమ్మెకి ముందు నిలిచిన పదిహేడుమంది దొరతో కుమ్మక్కై పడవెక్కి పారిపోయారు. మగాళ్ళు అలా పరువు తీసిన వేళ, పంచదార గిడ్డంగి కప్పు మీద గచ్చు కొడుతున్న ఆడకూలీలు తుపాకులకి జడవకుండా పాట ఎత్తుకున్నారు. ముందు పాడింది సన్యాసమ్మ. ఆ పాట దీవంతా పాకింది. ఆరేళ్ళకి దొరలు ఓడెక్కారు. పాఠం అంతే.

ఆ పదిహేడుమంది వంశాలవాళ్ళు దీవిలో ఇంకా ఉన్నారు. వాళ్ళని పడవోళ్ళు అంటారు. అన్నమాటేగాని, నాలుగు తరాలుగా వాళ్ళని ఎవరూ పడవ ఎక్కనిచ్చింది లేదు. చుట్టూ నీళ్ళే ఉన్నచోట పడవ ఎక్కరానివాళ్ళు ఏం చేసి బతుకుతారు? ఉప్పు పండిస్తారు. కొబ్బరిపీచు తాళ్ళు పేనుతారు. ఆ తాళ్ళని పడవలకి కట్టుకోవడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు.

వరహాలు పడవోళ్ళ పిల్ల. రెండో తరగతిలో ఉండగా లేచి నిలబడి, సమ్మెలో ఉన్న ఆడవాళ్ళు దొరగారి కప్పు ఎందుకు కొడుతున్నారండీ అని అడిగింది. పంతులమ్మ చెంప మీద ఒకటి వేసి కూర్చోబెట్టింది. ఇంటికొచ్చి చెబితే తండ్రి లచ్చన్న ఇంకొకటి వేశాడు.

"అడగడాలు మనకి కుదరవే గుంటా. మనం అందరికన్నా గట్టిగా పాడాల. అందరికన్నా దూరం ఉమ్మాల. అప్పుడే మనల్ని ఉండనిస్తారు" అన్నాడు.

ఆమె అలాగే దూరంగా ఉమ్మి, బాగా చదివి, ముప్పయ్యారేళ్ళు వచ్చేసరికి ఆ ప్రశ్నకి జవాబు చెప్పే యంత్రం తయారుచేసింది.

దాన్ని అందరూ చెవి అనేవారు. చూడటానికి కుట్టుమిషను అంత ఉంటుంది. సున్నపు గచ్చు కప్పు వేసేటప్పుడు ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొడతారు. మధ్యమధ్యలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం చల్లుతారు. దెబ్బ దెబ్బకీ సన్నటి తడి పొర పైకి తేలి ఆరిపోతుంది. ఆరే ఆ క్షణంలో చుట్టుపక్కల ఉన్న అదురు దానిలో చిక్కుకుపోతుంది. అదురు అంటే దెబ్బే కానక్కర్లేదు, గొంతు కూడా. చెవి ఆ పొరల్ని వెంట్రుకలో వందో వంతు మందాన గీకుతూ, వెలుగు సూదితో తడుముతూ, చిక్కినదాన్ని విడిపిస్తుంది. గీకిన పొర పొడైపోతుంది. ఒక్కసారి విన్నది మళ్ళీ రాతిలో ఉండదు. యంత్రం రాసుకున్న నకలు ఒక్కటే మిగులుతుంది.

స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయని, సన్యాసమ్మ అసలు గొంతు ఉత్సవంలో వినిపించాలని ప్రభుత్వం తీర్మానించింది. గిడ్డంగి కప్పులోంచి బల్లంత ముక్క కోసి వరహాలు పనిచేసే ప్రయోగశాలకి పంపించారు. ప్రయోగశాల పెద్ద డాక్టర్ పైడిరాజు. సన్యాసమ్మకి స్వయాన మనవడు. ఆయన తల్లి తవిటమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు. ఏడేళ్ళ పిల్లగా ఆ కప్పు మీద తల్లి వెంట బెల్లం నీళ్ళ కుండ మోసిన మనిషి. ఆ పాట పుట్టిన రోజున దాన్ని విన్నవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే కాబట్టి ఎక్కడికి వెళ్ళినా మంత్రులు లేచి నిలబడతారు.

కప్పు కొట్టింది మూడు రోజులు. మూడో రోజు పొర అన్నిటికన్నా పైనుంటుంది. ముందు దాన్నే విన్నారు. గరగరల మధ్యనుంచి సన్నగా, నెమ్మదిగా, ఏమాత్రం వణుకు లేని గొంతు బయటికొచ్చింది.

"దెబ్బ మీద దెబ్బెయ్యే, ఓలప్పా,
గచ్చు గట్టిపడే దాక, ఓలప్పా."

పైడిరాజు కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకుని ఏడ్చాడు. బళ్ళో నేర్పే గీతం "దెబ్బ మీద దెబ్బ పడినా, ఓ జననీ, గడ్డ గట్టిపడే దాక, ఓ జననీ" అని ఉంటుంది. జాతీయగీతంలో ఆడకూలీలు ఒకరినొకరు అక్కా అన్నట్టు అప్పా అని పిలుచుకుంటే ఏం బావుంటుందని ముగ్గురు పండితుల సంఘం మార్చింది. గచ్చు నీచంగా ఉందని గడ్డ చేసింది. పోలీసు బ్యాండు మేస్త్రీ ఒకాయన బూరాలకి తగ్గట్టు వరస కట్టాడు. మూడో చరణంలో ఆ పరుగు బాగులేదని నెమ్మది చెయ్యబోతే జనం ఒప్పుకోలేదు. ఆడవాళ్ళు అలాగే పాడారు, అలాగే ఉండాలన్నారు. స్వేచ్ఛ వచ్చిన ఉరవడి అది అని ఆ తరవాత విమర్శకులు పుస్తకాలు రాశారు.

"ఇందులో ఎక్కడా పరుగు లేదు సార్. మూడు చరణాలూ ఒకే నడక" అంది వరహాలు.

"మూడోరోజు కదా, అలిసిపోయుంటారు."

"అలిసిపోయిన గొంతులా లేదు. పనైపోయినవాళ్ళ గొంతులా ఉంది."

పైడిరాజు కళ్ళజోడు పెట్టుకుని ఆమెని ఒకసారి చూశాడు. "మా అమ్మమ్మ గొంతు నీకన్నా నాకు తెలుసు. మిగతా రెండు పొరలూ పైపైన చూసి నివేదిక రాసెయ్. ఉత్సవానికి ఇది చాలు."

పైపైన చూడటం వరహాలుకి చేతకాదు. రెండో రోజు పొర మొత్తం విన్నది. పాట కింద ఏదో టకటకమంది. చెక్క దెబ్బలు కావు. చెక్కదెబ్బ పైనుంచి కిందికి దిగుతుంది, ఇది కిందనుంచి పైకొస్తోంది. పాట ఆగినప్పుడల్లా అది గట్టిపడుతోంది. వెంటనే పాట మళ్ళీ మొదలవుతోంది.

ఆ వారం ఆమె ఇంట్లో అన్నం సరిగా తినలేదు. లచ్చన్న పీచు పేనుతూ ఓరకంట చూసి, "ఏటి, నీ యంత్రం ఏటి కూసింది?" అన్నాడు.

"గిడ్డంగి లోపల మనుషులున్నారు నాన్నా. పైన గచ్చు కొడుతుంటే కింద ఉన్నారు."

ఆయన చేతిలో తాడు ఆగలేదు. "ఉంటే?"

"పదిహేడుమంది పడవెక్కకపోతే?"

"ఎక్కేరో ఎక్కనేదో, మనకి ఊల్లో నీల్లిచ్చేది ఇప్పుడిప్పుడే. నీ సెల్లికి సంబందం కుదిరి నెల కానేదు. ఆల్లు పడవోల్లు కారు, మన కాడికి దిగొచ్చినోల్లు. నీకు సదువెక్కువై మా మెడకి సుట్టకు."

"మన తాత మీద మనమే ఉమ్ముకుంటున్నాం కదా."

"ఉమ్మితే ఏటయింది? తడి. ఆరిపోద్ది" అన్నాడు లచ్చన్న. అని తాడు వదిలేసి బయటికి పోయాడు. చాలాసేపు తిరిగి రాలేదు.

మొదటిరోజు పొర విన్నప్పుడు గదిలో వరహాలు, పైడిరాజు ఇద్దరే ఉన్నారు. మధ్యాహ్నం పూట, కిటికీలోంచి ఎండ గచ్చు పొడి మీద పడి తెల్లగా మెరుస్తోంది. పాట మామూలుగా మొదలైంది. మొదటి చరణం చివర్లో కిందనుంచి కేకలు. ఒకటి కాదు, చాలా. తలుపు బాదుతున్నారు. రెండో చరణంలో దెబ్బలు పెరిగాయి. మూడో చరణం వచ్చేసరికి కేకలు పాటకన్నా పైకి లేచాయి. ఆడవాళ్ళ చెక్కలు పరుగందుకున్నాయి. పాట పరుగందుకుంది. దీవిలో ప్రతి బిడ్డకీ వచ్చిన పరుగే, ఒక్క మాత్ర తేడా లేదు. కేకల్ని ముంచేసేదాకా అది తగ్గలేదు.

ఆ రొద కిందనుంచి ఒక్క గొంతు మాత్రం, కప్పుకి బాగా దగ్గరగా, స్పష్టంగా వచ్చింది.

"ఒలే సన్నాసీ. నాను, గవిరయ్యని. గుక్కెడు నీల్లు ఒంపే."

గవిరయ్య వరహాలు ముత్తాత. ఆ పేరు వాళ్ళ ఇంట్లో ఎవరికీ పెట్టుకోరు.

యంత్రం ఆగింది. పైడిరాజు లేచి నకలు ఉన్న పళ్ళెం బయటికి తీసి, సొరుగులో పెట్టి, తాళం వేశాడు.

"యంత్రం తప్పు చదివింది" అన్నాడు.

"మూడోరోజు పొరలో మీ అమ్మమ్మ పాడితే ఒప్పు, మొదటిరోజు పొరలో మా తాత నీళ్ళడిగితే తప్పా సార్?"

"నువ్వు పడవోళ్ళ పిల్లవి. యంత్రం నీది. రేపు ఎవడైనా అనే మొదటి మాట ఇదే, నీ గొంతు నువ్వే అందులో పెట్టుకున్నావని. నేను అనకముందే నువ్వు ఆలోచించుకుంటే మంచిది."

"మీరు అనేశారుగా."

"అన్నాను. నీకు ఉద్యోగం ఇచ్చింది నేను. ఈ భవనంలో పడవోళ్ళు కాలు పెట్టడమేమిటని నలుగురు అడిగితే నోరు మూయించింది నేను. దానికి ఇదా? ఒక జాతి మొత్తం పొద్దున్న లేస్తే పాడుకునే పాటని శవాల మీద దుప్పటి అంటావా?"

"నేనేమీ అనలేదు. గచ్చు అంది."

"గచ్చుకి ఓటు లేదు. నీకూ పెద్దగా లేదు. వెళ్ళు."

వరహాలు వెళ్ళింది. ఇంటికి కాదు, తవిటమ్మ ఇంటికి.

ముసలావిడ వసారాలో కూర్చుని చేటలో పెసలు చెరుగుతోంది. వచ్చింది ఎవరో అడిగి తెలుసుకుంది. "లచ్చన్న కూతురువా? గుమ్మం లోనికి రాకు. అక్కడే కూకో" అంది.

వరహాలు మెట్టు మీద కూర్చుంది. "మామ్మా, మొదటిరోజు కప్పు మీద ఏం జరిగిందో విన్నాను. మా ముత్తాత నీళ్ళడిగాడు."

చేట ఆగలేదు. "ఇన్నావు కదా. మల్లీ నన్నడగడం ఎందుకు?"

"మీ నోటితో వినాలని."

"నా నోరు నీ యంత్రం కాదు." పెసల్లోంచి రాళ్ళు రెండు ఏరి అవతలికి విసిరింది. ఇంకొకటి ఏరుతూ తనే మొదలుపెట్టింది. గొంతులో మెత్తదనం ఏమీ లేదు. "సమ్మె పెద్దలని దొర మనుసులు మాటాడదాం రమ్మని పిలిసి, గిడ్డంగిలో పెట్టి తలుపు కట్టీసినారు. పైన కప్పు పచ్చిది. ఆల్ల అరుపు ఊల్లోకి పోకూడదు. కొట్టండి, పాడండి, ఎవుల సెయ్యి ఆగితే ఆల్ల మొగుణ్ణి కిందకి దించుతామన్నాడు దొర మేస్త్రీ. నీల్లు పోసినోల్ల పిల్లల్ని దించుతామన్నాడు. మాయమ్మ పాడింది. నువ్వైతే ఏటి సేద్దువు?"

వరహాలు మెట్టు మీద పడిన పెసగింజ ఒకటి ఏరింది.

"సెప్పు. అడగడానికొచ్చినావు కదా."

"తెలీదు మామ్మా."

"తెలీదు. ఆఁ." చేట మళ్ళీ ఆడింది. "కప్పు మూల ఒక సిల్లుండీది. మీ తాత అక్కడికి ఎక్కినాడు, లోపల బస్తాలేటో పేర్సుకుని. నాకు ఏడేల్లు. నా కుండలో బెల్లం నీల్లున్నాయి. అడిగినాడు, పోసినాను. తాగినాడు. సప్పుడు ఇనపడింది. మాయమ్మ సూసింది. కొట్టనేదు, తిట్టనేదు. పాట ఆపనేదు. పాడతానే వొచ్చి, సున్నం ముద్దెట్టి ఆ సిల్లు మూసీసింది."

ఆ మాట దగ్గర ఆవిడ చేతులు మొదటిసారి ఆగాయి.

"మూడోరోజుకి సప్పుడు నేదు. వాసనుంది. పాడతంటే నోట్లోకొచ్చీది. సముద్రం ఏపు తిరిగి ఉమ్మీవోరం. ఆనక ఎవులో అడిగినారు, ఎందుకలా ఉమ్మతన్నారని. దొర ఒక పడవ ఒదిలీసి ఆల్లు పారిపోనారని అప్పటికే సాటించీసినాడు. మాయమ్మ ఆ మాటే అందుకుంది. పారిపోనోల్ల మీద అని సెప్పింది. అదే నిలిసిపోనాది."

"ఆ పదిహేడుమంది పారిపోలేదని ఒక్కసారి అందరిముందూ చెప్పండి మామ్మా. ఇంకేమీ వద్దు. మీ అమ్మని నేనొక్క మాట అనను."

"నువ్వనకపోతే ఊరంటది. మాయమ్మ బొమ్మ నోట్ల మీదుంది. నాను సచ్చేనాటికి అది ఉండాల." వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పైడిరాజు వచ్చి, మెట్టు మీద వరహాలుని చూసి ఆగిపోయాడు. తవిటమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరే పైడీ, ఈ గుంట రికార్డు నీ కాడుందా? ఇచ్చీ."

"అమ్మా."

"దాసితే దొంగలంటారు. ఇనిపించుకోనీ. నాకేటి బయం?"

పైడిరాజు ఆ తల్లి మాట ఏనాడూ కాదన్నవాడు కాదు. సొరుగు తాళంచెవి తీసి వరహాలు ఒళ్ళోకి విసిరాడు. "జనం మీద పడి కొడితే నేను అడ్డం రాను" అన్నాడు.

"ఎప్పుడొచ్చారు గనక" అని వరహాలు లేచింది.

ఉత్సవం రోజు పొద్దున్న పది గంటలకి రేవు మైదానం నిండిపోయింది. వేదిక మీద మంత్రులు, మధ్య కుర్చీలో తవిటమ్మ, పక్కన పైడిరాజు. వేదిక కింద ఒక బల్ల, బల్ల మీద యంత్రం, వరహాలు. సన్యాసమ్మ అసలు గొంతు వినబోతున్నారని ప్రకటించారు. నలభై వేలమంది నిశ్శబ్దమైపోయారు.

వరహాలు మొదటిరోజు పొర పెట్టింది.

మొదటి చరణానికి జనం కళ్ళు తుడుచుకున్నారు. అప్పా అని వినపడితే నవ్వుకున్నారు, ముచ్చటపడ్డారు. కేకలు మొదలయ్యాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యంత్రం పాడైందేమో అని ఎవరో అన్నారు. తలుపు బాదుడు వినిపించింది. ముందు వరసలో ఒకడు లేచి, "ఆపండి దాన్ని, పడవోళ్ళ చేతికెవరిచ్చారు" అన్నాడు. వరహాలు యంత్రం చప్పుడు ఇంకాస్త పెంచింది. రెండో చరణం దాటింది. "ఒలే సన్నాసీ" అన్న పిలుపు మైదానం మీదుగా రేవు దాకా పోయింది.

తవిటమ్మ కుర్చీలోంచి లేచింది. ఎవరి సాయమూ తీసుకోలేదు. మైకు దగ్గరికి వచ్చి నోరు తెరిచింది. చెబుతుందేమోనని వరహాలు యంత్రం చప్పుడు తగ్గించబోయింది.

తవిటమ్మ పాట ఎత్తుకుంది.

ఎనభై ఎనిమిదేళ్ళ గొంతు పగిలిన కుండలా ఉన్నా, తాళం తప్పలేదు. వరహాలు యంత్రం మీట చివరిదాకా తిప్పింది. అప్పటికే ముందు వరసలు అందుకున్నాయి. వెనక వరసలు అందుకున్నాయి. నలభై వేల కుడికాళ్ళు నేలని తన్నడం మొదలుపెట్టాయి. స్పీకరు పెట్టెల్లోంచి కేకలు పెరిగినకొద్దీ జనం వేగం పెరిగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెయ్యి ఊపలేదు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పోలీసులు, వెనకాల తాళ్ళు అమ్ముకునే పడవోళ్ళు కూడా గొంతు చించుకుని పాడుతున్నారు. వాళ్ళలో లచ్చన్న ఉన్నాడు. అందరికన్నా గట్టిగా పాడుతున్నాడు. వేదిక మీద పైడిరాజు ఒక్కడే నోరు మూసుకుని కూర్చుని, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని ఉన్నాడు.

వరహాలు వంగి చూసుకుంది. తన కుడికాలు కూడా తాళం వేస్తోంది. చేత్తో మోకాలు నొక్కిపట్టింది.

రికార్డు పదకొండు నిమిషాలు. అది అయిపోయింది. యంత్రం మీద దీపం ఆరింది. జనం పాడుతూనే ఉన్నారు. మూడో చరణం పూర్తి చేసి, ఆగకుండా మళ్ళీ మొదటికి వచ్చారు. ఆగితే ఏం వినపడుతుందో అన్నట్టుగా పాడుతున్నారు.

బల్ల పక్కన మజ్జిగ అమ్మే ఆడమనిషి ఒకామె పాడటం మానేసి చాలాసేపట్నుంచి యంత్రాన్నే చూస్తోంది. ఆ రొదలో వరహాలు చెవి దగ్గరికి వంగి అరిచినట్టు అడిగింది.

"నీల్లడిగింది ఎవులమ్మా?"

"మా తాత. గవిరయ్య." ఆ పేరు బయట పైకి అనడం ఆమెకి అదే మొదలు.

"పారిపోనాయనేనా?"

"పారిపోలేదు. లోపలే ఉన్నాడు."

మజ్జిగామె ఆ మాట నమ్మిందో లేదో మొహంలో తెలియలేదు. కుండ మూత సవరించింది. మళ్ళీ వంగింది.

"మరి అంతమంది పైనుండి, నీల్లు ఎవులూ పొయ్యనేదేటి?"

"ఒక చిన్నపిల్ల పోసింది" అంది వరహాలు. వేదిక వైపు చెయ్యి చూపించింది. "అదిగో, ఆవిడే."

మైకు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, తవిటమ్మ ఇంకా పాడుతూనే ఉంది.